నూర్: నాలుగుసార్లు గెలిచినా పేరు దక్కని గుర్రం

అందరికీ నమస్కారం. పనిరోజు సాయంత్రం ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. మీలో కొందరు మలక్‌పేట రేసుల్ని ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లున్నారు. కొందరికి గుర్రప్పందెం అంటే పేపర్లో చిన్న అక్షరాల్లో వచ్చే పట్టిక తప్ప వేరే పరిచయం ఉండకపోవచ్చు. ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పాలని నా ప్రయత్నం. పందెం కాయడం గురించి నేను మాట్లాడను. నాకు కావలసింది గుర్రం.

అమెరికా రేసు గుర్రాల చరిత్ర తిరగేస్తే కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ కనబడతాయి. మ్యాన్ ఓ వార్, సిటేషన్, సెక్రెటేరియట్. ఈ సిటేషన్ గురించి ఎవరు చెప్పినా చివర్లో ఒక సంగతి కలుపుతారు. 1950లో నూర్ అనే గుర్రం దాన్ని నాలుగుసార్లు ఓడించిందని, కాకపోతే సిటేషన్ వీపు మీద బరువు ఎక్కువ ఉందని. అంతటితో నూర్ కథ అయిపోతుంది. సిటేషన్ కథలో ఒక అడ్డంకిలా వచ్చి వెళ్లిపోతుంది. నేను ఇవాళ ఆ బరువుల లెక్కనే మీ ముందు పెట్టబోతున్నాను. నూర్‌ని తక్కువ చేయడానికి చూపించే ఆ బరువులే, వరసగా పెట్టి చూస్తే, నూర్ తరఫున సాక్ష్యం చెబుతాయి.

ముందు హ్యాండీకాప్ అంటే ఏమిటో చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథ పట్టుబడదు. కొన్ని రేసుల్లో ఒకే వయసు గుర్రాలన్నీ ఒకే బరువు మోస్తాయి. డెర్బీలు అలాంటివి. ఏది గొప్పదో అక్కడ తేలిపోతుంది. హ్యాండీకాప్ అలా కాదు. హ్యాండీకాపర్ అని ఒక అధికారి ఉంటారు. ఆయన ప్రతి గుర్రం పాత పరుగులన్నీ చూసి, గట్టి గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువ రకానికి తక్కువ బరువు వేస్తారు. అన్నీ ఒకేసారి గీత దాటాలన్నది ఆయన కోరిక. మన దగ్గర కూడా చాలా రేసులు ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

ఆ బరువు ఎలా ఎక్కుతుందో కూడా చూడండి. రేసుకు ముందు జాకీ తన జీనుతో సహా త్రాసు ఎక్కుతాడు. హ్యాండీకాపర్ వేసిన బరువుకు ఎంత తక్కువైతే అంత సీసం కలపాలి. జీను కింద వేసే గుడ్డకి జేబులుంటాయి, వాటిలో సీసపు పలకలు దూరుస్తారు. రేసు అయ్యాక జాకీ మళ్లీ త్రాసు ఎక్కాలి. అప్పుడు బరువు తగ్గితే గెలిచిన గుర్రాన్ని కూడా తీసేస్తారు. మనిషి బరువైతే గుర్రం పరుగుతో పాటు కదులుతుంది, ముందుకు వంగుతుంది. సీసం వీపు మీద ఉన్నచోటే పడి ఉంటుంది. అందుకే రేసువాళ్లు దాన్ని డెడ్ వెయిట్ అంటారు. ఇద్దరు సమానమైన పరుగుగాళ్లలో ఒకరి భుజాన పది కిలోల బియ్యం సంచి పెట్టి పరిగెత్తించండి. సాంటా అనీటా ట్రాక్‌లో జరిగిన మొదటి పోటీలో సిటేషన్‌కీ నూర్‌కీ మధ్య ఉన్న తేడా అంత.

ఇక నూర్ ఎక్కడిది? 1945లో ఐర్లండ్‌లో పుట్టింది. పెంచినవారు మూడో ఆగా ఖాన్. ఈయన పేరు మనకు కొత్త కాదు. గాంధీగారినీ కస్తూర్బానీ నిర్బంధించిన పూణే ఆగా ఖాన్ ప్యాలెస్ ఈయన కట్టించిందే. కరాచీలో పుట్టి, బొంబాయిలో పూణేలో పెరిగి, ఇస్మాయిలీలకు ఇమామ్‌గా ఉంటూ, ఐరోపాలో రేసు గుర్రాల పెంపకంలో తిరుగులేని స్థానం సంపాదించారు. 1946లో బొంబాయి బ్రాబోర్న్ స్టేడియంలో ఆయనకు వజ్రాలతో తులాభారం తూచారు. ఇంగ్లండ్‌లో ఎప్సమ్ డెర్బీ గెలిచిన గుర్రాలు ఆయనకు ఐదున్నాయి.

నూర్ తండ్రి నస్రుల్లా. తల్లి క్వీన్ ఆఫ్ బాగ్దాద్. ఆ తల్లికి తండ్రి బహ్రామ్, 1935లో ఇంగ్లిష్ ట్రిపుల్ క్రౌన్, అంటే మూడేళ్ల గుర్రాలకు జరిగే మూడు పెద్ద రేసులూ గెలిచి, జీవితంలో ఒక్కసారీ ఓడకుండా రిటైరైన గుర్రం. నస్రుల్లా సంగతి వేరు. బోలెడంత వేగం, అంతకు మించిన మొండితనం. మనసు పుడితే పరిగెత్తేది, లేకపోతే లేదు. ఆగా ఖాన్ దాన్ని 1944లోనే అమ్మేశారు. నస్రుల్లాకి పుట్టిన మొదటి ఏడాది పిల్లల్లో నూర్ ఒకటి. చూడటానికి ముదురు గోధుమ రంగు, దూరం నుంచి నల్లగానే కనబడేది.

1948 ఎప్సమ్ డెర్బీలో నూర్ మూడో స్థానంలో వచ్చింది. గెలిచిన మై లవ్ కూడా ఆగా ఖాన్ గుర్రమే. అంటే మూడేళ్ల వయసులో నూర్ తన సొంత యజమాని గుర్రానికే వెనకబడింది. మంచి గుర్రం, గొప్ప గుర్రం కాదు అని అప్పటి అంచనా. అదే సమయంలో కాలిఫోర్నియా నుంచి ఒక కొనుగోలుదారు వచ్చాడు, చార్ల్స్ హోవార్డ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్యూక్ కార్లు అమ్మి కోటీశ్వరుడైన మనిషి. సీబిస్కెట్ అనే ప్రఖ్యాత రేసు గుర్రం యజమాని అంటే మీలో చాలామందికి వెంటనే తెలుస్తుంది. ఆయన ఆగా ఖాన్ దగ్గర రెండు గుర్రాలు కొన్నాడు. ఒకటి నాథూ, అదే ఏడాది ఐరిష్ డెర్బీ గెలిచింది. రెండోది నూర్. ఆ రోజున ఎవరి కళ్లైనా నాథూ మీదే ఉంటాయి. డెర్బీ గెలిచిన గుర్రం అది.

అమెరికా వెళ్లగానే నూర్ వెలిగిపోలేదు. పచ్చిక మీద పరిగెత్తిన గుర్రం మట్టి ట్రాక్‌కి అలవాటు పడాలి. అక్కడి రేసులు మొదలవుతూనే దూకుతాయి, ఐరోపాలోలాగా చివర్లో వేగం పెంచడం కుదరదు. వాతావరణం వేరు, దాణా వేరు. 1949 అంతా దానికే సరిపోయింది. ట్రైనర్ బర్లీ పార్క్ తొందరపడలేదు. ఆయనకు నేను పెద్ద మార్కులు వేస్తాను. ఓడ దిగిన గుర్రాన్ని ఆ ఏడాదే పిండేసి పాడుచేసిన ట్రైనర్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు అవతలి పక్షం. సిటేషన్ కూడా 1945లోనే పుట్టింది. కెంటకీలోని కాల్యుమెట్ ఫార్మ్ గుర్రం. 1948లో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ గెలిచి ట్రిపుల్ క్రౌన్ కొట్టింది. ఆ ఏడాది 20 రేసుల్లో 19 గెలిచింది. దాని తర్వాత మళ్లీ ట్రిపుల్ క్రౌన్ కొట్టడానికి ఇంకో గుర్రానికి 25 ఏళ్లు పట్టింది, 1973లో సెక్రెటేరియట్. సిటేషన్ కాలి కీలు దగ్గర వాపు వచ్చి 1949 మొత్తం పరుగుకు దూరమైంది. 1950 జనవరిలో తిరిగి వచ్చి ఒక రేసు గెలిచింది. దాంతో వరసగా 16 విజయాలు. అదంతా ఎందుకు చెప్పానంటే, నూర్ ఎదురు నిలిచింది ఎవరికో మీకు తెలియాలి.

1950 ఫిబ్రవరి 25. లాస్ ఏంజెలెస్ పక్కన సాంటా అనీటా ట్రాక్. సాంటా అనీటా హ్యాండీకాప్, లక్ష డాలర్ల రేసు, మైలుంపావు దూరం. అంటే పది ఫర్లాంగులు, మన లెక్కలో సుమారు 2000 మీటర్లు. సిటేషన్ మీద 132 పౌండ్లు, దగ్గరదగ్గర 60 కిలోలు. నూర్ మీద 110, అంటే 50 కిలోలు. కాల్యుమెట్ వాళ్లు సిటేషన్‌తో పాటు టూ లీ, పాండర్ అనే ఇంకో రెండు గుర్రాల్ని కూడా దించారు. పాండర్ 1949 కెంటకీ డెర్బీ విజేత. నూర్ మీద జానీ లాంగ్డెన్. ఐదడుగులు కూడా లేని మనిషి. ఇంగ్లండ్‌లో పుట్టి కెనడాలో పెరిగాడు. 1943లో కౌంట్ ఫ్లీట్ మీద ట్రిపుల్ క్రౌన్ గెలిచినవాడు.

నూర్ గెలిచింది. సిటేషన్ కంటే లెంగ్తుంపావు ముందు. లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు. మూడో స్థానం టూ లీ, నాలుగో స్థానం పాండర్. కాల్యుమెట్ ముగ్గుర్నీ వెనక్కి నెట్టి, సరిగ్గా 2 నిమిషాల్లో ట్రాక్ రికార్డు పెట్టింది. ఇదే రేసుని 1940లో హోవార్డ్ సీబిస్కెట్ 2 నిమిషాల 1.2 సెకన్లలో గెలిచింది. రెండుసార్లు చివరి అంగుళంలో ఓడి మూడోసారి గెలిచిన ఆ రేసు మీద హోవార్డ్‌కి ఎంత మమకారమో ఊహించుకోండి. పదేళ్ల తర్వాత అదే రేసు, అదే యజమాని, ఇంకో గుర్రం, అంతకన్నా తక్కువ సమయం.

ఆ రోజు బరువు వల్లే నూర్ గెలిచిందన్నవాళ్లతో నేను పేచీ పెట్టుకోను. 22 పౌండ్ల తేడా చిన్నది కాదు. పది ఫర్లాంగుల రేసులో లెంగ్తుకి సుమారు రెండు పౌండ్లని వాడుకలో ఒక లెక్క ఉంది. ఆ లెక్కన సమాన బరువు ఉంటే సిటేషన్ పది లెంగ్తుల దాకా ముందుండేది. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

వారం తిరిగింది. మార్చి 4, అదే ట్రాక్, శాన్ వాన్ కాపిస్ట్రానో హ్యాండీకాప్. దూరం మైలుంముప్పావు, 14 ఫర్లాంగులు. ఇప్పుడు సిటేషన్ మీద 130, నూర్ మీద 117. తేడా 13కి దిగింది. ఈ రేసు గురించి కాస్త ఆగి చెబుతాను.

14 ఫర్లాంగులంటే గుర్రం ఊపిరి మీద ఆడే రేసు. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి మిగతావన్నీ వెనకబడిపోయాయి, రెండే మిగిలాయి. అక్కడ్నించి గీత దాకా నేరుగా ఉన్న దారిలో నూర్, సిటేషన్ పక్కపక్కనే పరిగెత్తాయి. ఒకసారి దీని తల ముందు, ఒకసారి దాని తల ముందు. గుర్రం పరిగెత్తేటప్పుడు తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఇలాంటి పోటీలో గీత దగ్గర ఎవరి తల ముందుకు సాగిన క్షణంలో గీత పడుతుందో వాళ్లదే గెలుపు. జాకీ ఆ లయని చివరి రెండు అంగల్లో పట్టుకోవాలి. ఫోటో తెప్పించారు. నూర్ ముక్కు ముందుంది. సమయం 2 నిమిషాల 52.8 సెకన్లు, ఆ దూరానికి ప్రపంచ రికార్డు. అమెరికాలో ఇప్పటిదాకా జరిగిన అత్యుత్తమ రేసుల జాబితా ఎవరు వేసినా ఇది అందులో ఉండాలని నా అభిప్రాయం. లాంగ్డెన్ 1966లో రిటైరైనప్పుడు ఆఖరిసారి గుర్రమెక్కిందీ ఈ శాన్ వాన్ కాపిస్ట్రానో రేసులోనే. అదీ గెలిచే వెళ్లాడు.

తర్వాత రెండు గుర్రాలూ ఉత్తరానికి వెళ్లాయి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున గోల్డెన్ గేట్ ఫీల్డ్స్. ఇక్కడ జూన్ నెలలో మూడు తారీఖులు ముఖ్యం.

జూన్ 3న సిటేషన్ ఒక మైలు రేసు పరిగెత్తి 1 నిమిషం 33.6 సెకన్లలో ప్రపంచ రికార్డు పెట్టింది. దీన్ని నేను గీత గీసి మరీ చెబుతున్నాను. కాలి వాపు తర్వాత సిటేషన్ పాత సిటేషన్ కాదనీ, నూర్ కొట్టింది అరిగిపోయిన గుర్రాన్ననీ ఒక వాదన ఉంది. అరిగిపోయిన గుర్రం మైలు ప్రపంచ రికార్డు ఎలా పెడుతుంది? మూడేళ్ల వయసులో ఉన్న సిటేషన్‌కీ దీనికీ తేడా ఉండే ఉంటుంది, కాదనను. కానీ జూన్ 3 నాటికి అది ప్రపంచంలో ఏ గుర్రాన్నైనా ఓడించగల స్థితిలో ఉంది.

జూన్ 17, ఫార్టీ నైనర్స్ హ్యాండీకాప్, తొమ్మిది ఫర్లాంగులు. సిటేషన్ 128, నూర్ 123. తేడా ఇప్పుడు ఐదే పౌండ్లు. నూర్ ఒక మెడ దూరంతో గెలిచింది. 1 నిమిషం 46.8 సెకన్లు, మళ్లీ ప్రపంచ రికార్డు. సిటేషన్ మెడ దూరమే వెనక ఉంది కాబట్టి అదీ దాదాపు అంతే సమయంలో వచ్చింది. ఓడినవాడు కూడా రికార్డు వేగంతో పరిగెత్తిన రేసు ఇది.

జూన్ 24, గోల్డెన్ గేట్ హ్యాండీకాప్, మళ్లీ పది ఫర్లాంగులు. బరువుల బోర్డు తిరగబడింది. సిటేషన్ మీద 126. నూర్ మీద 127. ట్రిపుల్ క్రౌన్ గుర్రం కంటే నూర్ ఒక పౌండు ఎక్కువ మోస్తోంది. తక్కువ బరువున్న లాంగ్డెన్ లాంటి జాకీకి 127 కావాలంటే జీను జేబుల్లో సీసం బాగానే పడుతుంది, అదంతా డెడ్ వెయిట్. ఆ రోజు నూర్ మూడు లెంగ్తులతో గెలిచింది. 1 నిమిషం 58.2 సెకన్లు. ఇంకో ప్రపంచ రికార్డు.

ఇప్పుడు ఇందాకటి సంఖ్య తీయండి. ఫిబ్రవరిలో నూర్ 22 పౌండ్ల వెసులుబాటుతో లెంగ్తుంపావు తేడాతో గెలిచింది. జూన్‌లో అదే దూరంలో ఒక పౌండు తానే ఎక్కువ మోసి మూడు లెంగ్తులతో గెలిచింది. మధ్యలో బరువు 23 పౌండ్లు, అంటే పది కిలోలకు పైగా, నూర్‌కి వ్యతిరేకంగా జరిగింది. గెలుపు దూరం తగ్గాల్సింది పెరిగింది. బరువు వల్లే గెలిచిన గుర్రమైతే ఇలా జరగడానికి వీల్లేదు.

ఇంకో మాట. ఫిబ్రవరిలో 110, మార్చిలో 117, జూన్‌లో 123, ఆ తర్వాతి వారం 127. ఈ బరువులు వేసింది నూర్ అభిమానులు కాదు. గెలిచే గుర్రాన్ని ఆపడమే పనిగా పెట్టుకున్న హ్యాండీకాపర్లు. ప్రతిసారీ, ఈ బరువుతో ఇది గెలవదు అని లెక్కకట్టి వేశారు, ప్రతిసారీ నూర్ ఆ లెక్క తప్పించింది. నాలుగు నెలల్లో 17 పౌండ్లు పెంచారంటే, ఆ గుర్రం ఎంత ఎదిగిందో ఆ ఉద్యోగులే కాగితం మీద ఒప్పుకున్నట్టు.

ఈ జూన్ విజయాలు హోవార్డ్ చూడలేదు. జూన్ 6న గుండెజబ్బుతో చనిపోయాడు. సాంటా అనీటా రెండు గెలుపులు చూశాడు, ప్రపంచం ఒప్పుకోక తప్పని చివరి గెలుపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆయన పేరు వింటే అందరికీ సీబిస్కెట్ గుర్తొస్తుంది, న్యాయమే. కానీ వేగం లెక్కలో, మోసిన బరువు లెక్కలో, ఓడించిన గుర్రాల లెక్కలో ఆయన గుర్రాలన్నింటిలోకీ గొప్పది నూర్ అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తర్వాత వేగంగా చెబుతాను. నూర్‌ని తూర్పు తీరానికి, న్యూయార్క్ తీసుకెళ్లారు. అక్కడ కలిసిరాలేదు. జాకీ క్లబ్ గోల్డ్ కప్‌లో మూడేళ్ల హిల్ ప్రిన్స్ చేతిలో ఓడింది. ఆ ఏడాది హార్స్ ఆఫ్ ది ఇయర్ హిల్ ప్రిన్స్‌కే దక్కింది. నూర్‌కి పెద్ద వయసు గుర్రాల్లో ఛాంపియన్ అన్న బిరుదు ఇచ్చారు. డిసెంబర్ 9న కాలిఫోర్నియాలో హాలీవుడ్ గోల్డ్ కప్ జరిగింది. నూర్ 130 పౌండ్లు మోసి గెలిచింది. హిల్ ప్రిన్స్ మూడో స్థానం. 1946 ట్రిపుల్ క్రౌన్ విజేత అసాల్ట్ ఏడో స్థానం. అసాల్ట్ అప్పటికి ఏడేళ్ల గుర్రం, దాని మంచిరోజులు అయిపోయాయి, కాబట్టి ఆ గెలుపుని నేను పెద్దది చేసి చెప్పను. హిల్ ప్రిన్స్ మీద గెలుపు మాత్రం నిజమైన గెలుపు. అదే నూర్ ఆఖరి రేసు.

మరి ఇంత చేసిన గుర్రాన్ని ఎందుకు మరిచిపోయారు?

ఒక కారణం భూగోళం. అప్పట్లో అమెరికా రేసుల చరిత్ర రాసేది న్యూయార్క్, కెంటకీ వాళ్లు. నూర్ గొప్ప గెలుపులన్నీ కాలిఫోర్నియాలో. పైగా పుట్టుక ఐర్లండ్, చదువు ఇంగ్లండ్, పేరు తూర్పు దేశాలది. సొంతం చేసుకోవడానికి ఏ ఊరూ ముందుకు రాలేదు. సిటేషన్ వెనక కాల్యుమెట్ అనే పెద్ద సంస్థ ఉంది, కెంటకీ ఉంది. 1951లో సిటేషన్ హాలీవుడ్ గోల్డ్ కప్ గెలిచి పది లక్షల డాలర్లు సంపాదించిన మొదటి గుర్రమైంది, దాని కథకు మంచి ముగింపు దొరికింది.

రెండో కారణం సంతానం. గొప్ప పిల్లల్ని కన్న గుర్రం పేరు వంశవృక్షాల్లో నిలిచిపోతుంది, ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. నూర్ స్టడ్‌లో, అంటే సంతానం కోసం ఉంచినప్పుడు, పెద్దగా రాణించలేదు. నాకు బాధ కలిగించేది ఇక్కడే. 1950లోనే తండ్రి నస్రుల్లాని కెంటకీలోని క్లెయిబోర్న్ ఫార్మ్‌కి తెచ్చారు. అక్కడ దానికి బోల్డ్ రూలర్ పుట్టింది, బోల్డ్ రూలర్‌కి సెక్రెటేరియట్ పుట్టింది. అంటే సెక్రెటేరియట్‌కి నూర్ తండ్రి వైపు పెదనాన్న వరస. నస్రుల్లా రక్తం అమెరికా మట్టి మీద ఏం చేయగలదో అందరికంటే ముందు పరిగెత్తి చూపించింది నూర్. పేరంతా తర్వాత వచ్చిన తమ్ముడి శాఖకి పోయింది.

మూడోది, ఆ స్థలాలే లేవు. హాలీవుడ్ పార్క్ 2013లో మూసేశారు, ఇప్పుడక్కడ ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. గోల్డెన్ గేట్ ఫీల్డ్స్ 2024 జూన్‌లో మూసేశారు. నూర్ గెలిచిన పెద్ద ట్రాకుల్లో మిగిలింది సాంటా అనీటా ఒక్కటే.

నూర్ 1974లో, 29 ఏళ్ల వయసులో, ఉత్తర కాలిఫోర్నియా గ్రాస్ వ్యాలీలోని లోమా రీకా రాంచ్‌లో చనిపోయింది. అక్కడే పాతిపెట్టారు. తర్వాత ఆ నేల మీద కట్టడాలు రాబోతున్నాయని తెలిసి, నూర్‌ని ఆరాధించే ఒక మహిళ పట్టుబట్టి, భూమి లోపలికి చూసే రాడార్ తెప్పించి, సమాధి ఎక్కడుందో వెతికించారు. ఎముకలు తవ్వించి 2011లో కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో ఓల్డ్ ఫ్రెండ్స్ అనే రిటైరైన గుర్రాల ఆశ్రయానికి చేర్చారు. ఆ అవశేషాల కోసం అంత శ్రమ పడిన ఆవిడంటే నాకు చాలా గౌరవం. అమెరికా రేసు గుర్రాలకు గౌరవంగా ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో సిటేషన్‌ని 1959లో చేర్చారు. నూర్‌ని 2002లో. మధ్య 43 ఏళ్లు.

ప్రశ్నలుంటే తీసుకుంటాను. అక్కడ వెనక వరసలో పెద్దాయన... చెప్పండి సార్. సిటేషన్ ఆ సీజన్లో నూర్‌కి తప్ప ఇంకెవరికీ ఓడలేదా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఓడింది. 1950లో సిటేషన్ తొమ్మిది రేసులు పరిగెత్తి రెండు గెలిచింది, ఏడింటిలో రెండో స్థానం. ఆ ఏడింటిలో నాలుగు నూర్ చేతిలో. మిగతా మూడు వేరే గుర్రాల చేతిలో, వాటిలో ఒకటి తన స్టేబుల్‌ది, పాండర్.  ఆ ఏడాది అవేవీ మళ్లీ వచ్చి దాన్ని రెండోసారి ఓడించలేదు. ఆ పని చేసింది నూర్ ఒక్కటే. అందుకే నాలుగు ఓటముల్నీ ఆ మూడింటితో కలిపి ఒకే మూట కట్టడం తప్పంటాను.

ఇక్కడ అమ్మాయి అడుగుతోంది, మరి సిటేషన్ కంటే నూర్ గొప్పదా అని. మొత్తం జీవితం తీసుకుంటే కాదమ్మా. 45 రేసుల్లో 32 గెలుపులు, ట్రిపుల్ క్రౌన్, 16 వరస విజయాలు, వీటి పక్కన నూర్‌ని నిలబెట్టలేం. కానీ 1950 జూన్‌లో, పది ఫర్లాంగుల దూరంలో, మట్టి ట్రాక్ మీద ఏది గొప్ప అంటే, నూర్. అందులో నాకు అనుమానం లేదు.

ఆఖరి ప్రశ్న, మైకు అటు ఇవ్వండి. ర్యాంకుల గురించి. అవును, బ్లడ్-హార్స్ పత్రిక 20వ శతాబ్దపు నూరు గుర్రాల జాబితా వేసినప్పుడు సిటేషన్‌కి మూడో స్థానం, నూర్‌కి 69వ స్థానం ఇచ్చారు. నేను వేస్తే నూర్‌ని మొదటి ముప్పైలో పెడతాను. నా కారణం ఆ గోల్డెన్ గేట్ సమయం, 1 నిమిషం 58.2. అమెరికాలో పది ఫర్లాంగులు అతి ముఖ్యమైన దూరం, డెర్బీ దూరం. 1956లో స్వాప్స్ అనే గుర్రం వచ్చింది, దాని సమయం 58.6 కంటే తగ్గలేదు. 1972లో క్వాక్ సరిగ్గా 58.2 చేసి సమం చేసింది. 1979లో అఫర్మ్‌డ్, ట్రిపుల్ క్రౌన్ గుర్రం, 58.4 దగ్గర ఆగింది. మట్టి ట్రాక్ మీద నూర్ కంటే తక్కువ సమయంలో వచ్చిన గుర్రం 1980 ఫిబ్రవరిలో స్పెక్టాక్యులర్ బిడ్, సాంటా అనీటాలో, 1 నిమిషం 57.8. అంటే నూర్ రికార్డు నిలిచింది ముప్పై ఏళ్లకు కొంచెం తక్కువ. ఆ ముప్పై ఏళ్లలో ట్రాకులు మెరుగయ్యాయి, సీయాటిల్ స్లూ వచ్చింది, సెక్రెటేరియట్ వచ్చింది. 127 పౌండ్లతో నూర్ పెట్టిన ఆ సమయం అలాగే ఉంది.